నీళ్లు పోయించే ముందు ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించండి

కొత్త ట్రాక్టర్ ఇంటికొచ్చిన వారంలోపే చుట్టుపక్కలవాళ్లు అడిగే మాట ఒకటుంది: "టైర్లల్ల నీళ్లు పోపిచ్చినవా అన్నా?" పోయించలేదంటే బండికేదో కొరత ఉన్నట్టు చూస్తారు. మిర్యాలగూడ నుంచి కల్వకుర్తి దాకా, దేవరకొండ నుంచి వనపర్తి దాకా ఇదే వరుస. ఎందుకు పోయాలి అంటే "బ్యాలెన్స్ ఉంటది" అంటారు. ఎంత పోయాలి అంటే "నిండేదాక".

ఈ రెండు జవాబులతోనూ నాకు పేచీ ఉంది. మన దిక్కున ఒకే ట్రాక్టర్ ఎండాకాలం చెల్క (మెట్ట నేల) దున్నుతుంది, వానాకాలం కరిగెట (వరి మడిలో బురద) తొక్కుతుంది, మధ్యలో రోటవేటర్ కట్టుకుని కిరాయికి పోతుంది, కోతలయ్యాక వడ్ల ట్రాలీ లాగుతుంది. వీటిలో వెనక చక్రాలకు అదనపు బరువు గట్టిగా అక్కరకొచ్చేది మొదటి పనిలోనే. మిగతా పనుల్లో మన బండ్లకు తక్కువయ్యేది చాలాసార్లు వెనక బరువు కాదు, ముందు బరువు. వెనక పోసిన నీళ్లు ఆ కొరతను తీర్చవు, పైగా కప్పిపెడతాయి.

నీళ్ల పక్షాన ఉన్న న్యాయం ముందు చెప్పాలి. ఇంజన్‌లో ఎన్ని హెచ్‌పీ ఉన్నా నేలకు దిగేది వెనక టైర్ల పట్టుతోనే. గట్టి నేల మీద వెనక చక్రాల మీద పడే బరువులో సుమారు సగం మేర లాగుడు బలం వస్తుందని లెక్క వేసుకోవచ్చు. దున్నిన మెత్తటి నేలలో అది ఇంకా తగ్గుతుంది. 13.6-28 సైజు టైరులో ముప్పావు వంతు నీళ్లు నింపితే ఒక్కోదానిలో 185 లీటర్ల దాకా పడతాయి. అంటే జతకు 370 కిలోలు, లాగుడులో 180 కిలోల దాకా పెంపు. 14.9-28 అయితే టైరుకు దాదాపు 230 లీటర్లు, 16.9-28 అయితే 300 దాకా పడతాయి. రోహిణి కార్తెలో ఎండి బిగుసుకున్న ఎర్ర చెల్కలో రెండు చాళ్ల ఎంబీ నాగలి (మట్టిని తిరగేసే రెక్క నాగలి) వేసినప్పుడు ఈ తేడా సీటు మీద కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. పైగా నీళ్లకు ఖర్చు లేదు. బరువు కిందనే ఉంటుంది. ఊడిపోవడానికి బోల్టుల్లేవు.

అయితే మోసే బరువుకు డీజిల్ తగలబడుతుంది. మెత్తటి దుక్కిలో చక్రం దొర్లడానికే దాని మీది బరువులో దాదాపు పదో వంతు బలం ఖర్చవుతుంది, బురదలో అంతకంటే ఎక్కువ. లాగే పని లేని రోజు కూడా ఆ 370 కిలోలు బండితో పాటు తిరుగుతూనే ఉంటాయి. రెండో ఖర్చు కనబడదు. తక్కువ గేరులో, పెద్ద నాగలితో, చక్రం అసలు జారకుండా బరువు మోపితే ఆ బలమంతా డిఫరెన్షియల్ మీద, యాక్సిల్ గేర్ల మీద పడుతుంది. రాయి తగిలినప్పుడు టైరు కాస్త జారడమే గేర్‌బాక్స్‌కు రక్ష. నీళ్లు, బరువు కోసం తగిలించే ఇనుప దిమ్మలు అన్నీ కలిపి బండి బరువు పీటీఓ (రోటవేటర్ లాంటివాటిని తిప్పే వెనక షాఫ్టు) దగ్గర వచ్చే ఒక్కో హెచ్‌పీకి 50 నుంచి 60 కిలోల మధ్య ఉంటే చాలు. 45 హెచ్‌పీ ఇంజన్‌కు పీటీఓ దగ్గర 38, 40 హెచ్‌పీ వస్తుందనుకుంటే మొత్తం 1900 నుంచి 2400 కిలోలు. ఆ తరగతి బండ్లు షోరూంలో దిగేటప్పుడే దాదాపు 1900 ఉంటాయి. అంటే మనకున్న జాగా మహా అయితే 400, 500 కిలోలు. అదంతా వెనక టైర్లలోనే పోసేస్తే ముందుకు ఏమీ మిగలదు.

కాంటా మీద మూడు తూకాలు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల కాంటాలకు, అంటే లారీలు తూచే వేబ్రిడ్జిలకు, కొదువ లేదు. పత్తి మిల్లు ఉన్న ప్రతి చోటా ఒక కాంటా ఉంటుంది. సీజన్ కాని రోజు పొద్దున్నే పోతే పది నిమిషాల పని. డీజిల్ ట్యాంకు నింపి, డ్రైవర్ కూర్చుని, ఏ పనికి లెక్క కావాలో ఆ పనిముట్టు లేపి పట్టుకుని తూచాలి. మొదట మొత్తం బండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేట్టు. ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. చివరి రెండూ కూడితే మొదటిదానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాంటా ప్లేటూ బయటి నేలా ఒక మట్టంలో లేవన్నమాట, ఇంకో కాంటాకు పోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. 1900 కిలోల టూ వీల్ డ్రైవ్ బండి, ముందు 720, వెనక 1180. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం 2 మీటర్లు. దీనికి 450 కిలోల రోటవేటర్ కట్టాం. లేపినప్పుడు దాని బరువు వెనక యాక్సిల్‌కు ఒక మీటరు వెనక వేలాడుతోంది. లివర్ లెక్క ప్రకారం ముందు నుంచి 450ని 1తో గుణించి 2తో భాగిస్తే వచ్చే 225 కిలోలు లేచిపోతాయి. వెనక్కు 450, దానిమీద ఆ 225, మొత్తం 675 కిలోలు చేరతాయి. ఇప్పుడు ముందు 495, వెనక 1855. మొత్తం 2350లో ముందు వాటా 21 శాతం. స్టీరింగ్ మాట వినాలంటే 20 శాతానికి తగ్గకూడదు. కదలని బండికే అంచు దాకా వచ్చాం. ఇక ఒడ్డు ఎక్కేటప్పుడు, గుంతలో పడి లేచేటప్పుడు ముందు చక్రాలు నేల మీద ఉంటాయా ఉండవా అన్నది అదృష్టం.

దీని మీద వెనక 370 లీటర్ల నీళ్లు పోస్తే ముందు 495 అలాగే ఉంటుంది, మొత్తం 2720 అవుతుంది. ముందు వాటా 18 శాతానికి దిగింది. అదే నీళ్లు లేకుండా ముందు బంపర్‌కు 25 కిలోల దిమ్మలు నాలుగు తగిలిస్తే ఏమవుతుంది? అవి ముందు యాక్సిల్‌కు 70 సెంటీమీటర్లు ముందుంటే 100 కిలోలు 135 కిలోల పని చేస్తాయి. ముందు 630, మొత్తం 2450, వాటా దాదాపు 26 శాతం. 370 కిలోలు మోసి పట్టు పోగొట్టుకోవడం ఒక దారి, 100 కిలోలతో దాన్ని తెచ్చుకోవడం ఇంకో దారి. రోటవేటర్‌ను పీటీఓ తిప్పుతుంది, దానికి లాగుడు పెద్దగా అక్కర్లేదు. తిరిగే బ్లేళ్లు బండిని కాస్త ముందుకే నెడతాయి. కాబట్టి రోటవేటర్ కిరాయే ప్రధానమైన బండికి వెనక నీళ్లు ఎందుకో నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

20 శాతం అంచు మాత్రమే. అందాజగా చెప్పాలంటే పనిముట్టు కట్టి లేపినప్పుడు టూ వీల్ డ్రైవ్ బండికి ముందు పావు వంతు బరువైనా మిగలాలి. ఏమీ కట్టనప్పుడు 35 శాతం ఉంటే మేలు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలూ లాగుతాయి కాబట్టి 40 శాతం దాకా ముందు చక్రాల మీదే ఉండాలి. వెనక నీళ్లు నింపి ముందు ఖాళీగా ఉంచిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంత డబ్బు పెట్టి కొన్న ముందు యాక్సిల్‌ను ఊరికే తిప్పుతుంది.

బ్యాలెన్స్ అనే భ్రమ

టైర్లలో నీళ్లుంటే బండి తిరగబడదన్న నమ్మకం అన్నింటికంటే ప్రమాదం. పక్కకు ఒరిగే విషయంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది, బరువు కిందికి దిగుతుంది కాబట్టి. కానీ ఒడ్ల మీద, వాలు చెల్కల్లో దానికంటే ఎక్కువ పనిచేసేది చక్రాల మధ్య వెడల్పు. వెనక రిమ్ముకు డిస్కును తిప్పి బిగిస్తే ట్రాక్ పెరుగుతుంది. చాలా బండ్లలో ఈ వెసులుబాటు ఉంటుంది, కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోరు.

వెనక్కు తిరగబడే విషయంలో నీళ్లు అసలు కాపాడవు. బండి ముందు భాగం లేవడానికి కారణం వెనక చక్రాలకు బరువు తక్కువవడం కాదు. చక్రం తిరగలేక ఆగిపోయినప్పుడు యాక్సిల్ చుట్టూ బండే తిరుగుతుంది. బురదలో దిగబడ్డ చక్రం ఎంత బరువుగా, ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే బండి అంత తేలిగ్గా లేస్తుంది. దిగబడినప్పుడు వెనక టైర్లకు ముందు దుంగ అడ్డం కట్టి క్లచ్ వదిలే అలవాటు మన పొలాల్లో ఇంకా ఉంది. మనుషులు బండి కింద పడే దారి అదే. లేవడం మొదలైతే క్లచ్ తొక్కేంత టైము దొరకదు. దిగబడ్డ బండిని రివర్స్‌లో తీయాలి. రాకపోతే చక్రాల వెనక తవ్వాలి. అదీ కాకపోతే ఇంకో బండితో, పొడుగు తాడుతో, కింది హుక్కుకు కట్టి లాగించాలి.

ఎక్కడ కట్టి లాగుతున్నామన్నది ఇంకో సంగతి. 1000 కిలోల బలంతో లాగేటప్పుడు హుక్కు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు నుంచి 250 కిలోలు లేస్తాయి. అదే గొలుసును టాప్ లింక్ (పనిముట్టును పైన పట్టుకునే కడ్డీ) దగ్గర, 80 సెంటీమీటర్ల ఎత్తులో కడితే 400 కిలోలు. పైగా యాక్సిల్ కంటే కింద కట్టినప్పుడు ముందు లేచేకొద్దీ హుక్కు కిందికి దిగి ఆ మెలి తగ్గుతుంది. యాక్సిల్ పైన కడితే అలా తగ్గేది ఉండదు, బండి పూర్తిగా వెనక్కు పడేదాకా పోతుంది. మొద్దులు పీకడానికి, సర్కారు తుమ్మ బొండలు తీయడానికి గొలుసు ఎప్పుడూ డ్రాబార్‌కే (బండి వెనక కిందుండే లాగుడు కమ్మీకే) కట్టాలి. ముందు లేవకుండా బంపర్ మీద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టడం గురించి చెప్పనే అక్కర్లేదు. పడితే ముందు చక్రం కిందికే పడతారు.

జారుడు కొలిచే పద్ధతి

బరువు చాలిందా లేదా అన్నది ట్రాక్టర్‌ను చూసి చెప్పలేం. చక్రం ఎంత జారుతోందో కొలవాలి. ఇందుకు సుద్దముక్క, రెండు కట్టెలు, టేపు చాలు. వెనక టైరు పక్కగోడ మీద సుద్దతో గీత పెట్టాలి. దున్నబోయే మడిలోనే, దున్నే గేరులోనే, అదే యాక్సిలేటర్ మీద, నాగలి లేపి నడపాలి. గీత నేలకు వచ్చిన చోట ఒక కట్టె పాతి, చక్రం 10 చుట్లు తిరిగాక ఇంకో కట్టె పాతాలి. రెండు కట్టెల మధ్య 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు పక్క చాలులో నాగలి దింపి మళ్లీ 10 చుట్లు. 34 మీటర్లే వచ్చింది. తేడా 6 మీటర్లు, 40లో 15 శాతం. అదే జారుడు. లెక్కపెట్టే మనిషి టైరుకు దూరంగా, పక్కన నడవాలి.

గట్టి నేలలో 8 నుంచి 12 శాతం, దున్నిన నేలలో 10 నుంచి 15 శాతం ఉంటే బండి సరిగ్గా ఉన్నట్టు. 7కు తగ్గిందంటే అనవసరపు బరువు మోస్తున్నాం, కొంత తీసేయాలి. 20 దాటితే ప్రతి ఐదు చుట్లలో ఒకటి వృథా, టైరు బొడిపెలు అరిగిపోతాయి, డీజిల్ పోతుంది. 20 దాటిన వెంటనే నీళ్ల పైపు వెతుక్కోనక్కర్లేదు. ముందు నాగలి లోతు కాస్త తగ్గించి, ఒక గేరు పెంచి చూడాలి. లాగుడు భారాన్ని బట్టి నాగలి లోతు సర్దే డ్రాఫ్ట్ కంట్రోల్ లివర్ సరిగ్గా పెట్టారో లేదో చూడాలి. నాగలిని ఒకే ఎత్తులో పట్టి ఉంచే పొజిషన్ కంట్రోల్ మీదే దున్నేవాళ్లకు నాగలి బరువు వెనక చక్రాల మీదికి వచ్చే సాయం తగ్గుతుంది.

కొలిచే ఓపిక లేనివాళ్లకు నేల మీది అచ్చే చెబుతుంది. టైరు పోయిన దారిలో బొడిపెల అచ్చులు అంచుల్లో స్పష్టంగా, నడుమ కాస్త చెరిగి ఉంటే బాగున్నట్టు. అచ్చు పోసినట్టు మొత్తం చెక్కుచెదరకుండా ఉంటే బరువు ఎక్కువ. అచ్చులే కనబడకుండా మట్టి రుద్దినట్టు ఉంటే జారుతోంది. దీనికి పైసా ఖర్చు లేదు, వెనక్కు తిరిగి చూస్తే చాలు.

ఇంకో పైసా ఖర్చు లేని పని గాలి. ట్రాలీ కోసం 20, 25 పౌండ్లు కొట్టించి అదే గాలితో దుక్కి దున్నుతారు. పొలంలో వెనక టైర్లకు 12 నుంచి 14 పౌండ్లు చాలు. టైరు కాస్త పరుచుకుని ఎక్కువ బొడిపెలు నేలను పట్టుకుంటాయి. చాలాసార్లు జారుడు ఇక్కడికే దారికొస్తుంది. అంతకంటే తగ్గించకూడదు. తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి తిరిగి వాల్వు మెడ తెగుతుంది. రెండు వైపులా ఒకే గాలి ఉండాలి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నల్లగొండ మే ఎండలో రెండు గంటలు తిరిగిన టైరుకు గేజీ పెడితే వచ్చే అంకె లెక్కలోకి రాదు.

పోయాల్సిందే అనుకుంటే

ఏడాదంతా మెట్ట దుక్కే చేసే బండి, ముందు బకెట్ తగిలించి మట్టి ఎత్తే బండి, ఈ రెండింటికీ నీళ్లు న్యాయమే. పోసేటప్పుడు వరుస ఇలా ఉండాలి. బండిని చదునైన గట్టి నేల మీద ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు రాళ్లు పెట్టి, వెనక యాక్సిల్ కింద జాకీ ఎత్తి, జాకీని మాత్రమే నమ్మకుండా కింద గట్టి చెక్క దిమ్మ పెట్టాలి. టైరు నేలను వదిలితే చాలు. చక్రాన్ని తిప్పి వాల్వును సరిగ్గా పైకి, గడియారంలో 12 ఉండే చోటికి తేవాలి. ముప్పావు వంతు కొలత దీనితోనే వస్తుంది.

ట్రాక్టర్ వెనక ట్యూబులకు వచ్చే వాల్వు రెండు ముక్కలు. సన్నటి పిన్ను తీస్తే గాలి పోతుంది. ఆ పిన్ను కూర్చునే గూడును కూడా మరలా విప్పి తీస్తే నీళ్లు పోయే పెద్ద రంధ్రం వస్తుంది. ఇది తెలియక సన్న పిన్ను ఒక్కటే తీసి పూటంతా నీళ్లు పట్టేవాళ్లున్నారు. గాలి మొత్తం పోయాకే గూడు విప్పాలి, లేదంటే అది తూటాలా ఎగురుతుంది. నీళ్లు పోస్తుంటే లోపలి గాలి బయటికి రావాలి. పక్క రంధ్రమున్న అడాప్టర్ అయితే దానంతటదే వస్తుంది. లేకపోతే కాసేపు పోసి, పైపు తీసి, గాలి వదిలి, మళ్లీ పోయాలి. ఇంటి మీది ట్యాంకు చాలు, 3 మీటర్ల ఎత్తు నుంచి 4 పౌండ్ల పైచిలుకు ఒత్తిడి వస్తుంది. బోరు మోటారు పైపును నేరుగా తగిలించడం ట్యూబును పగలగొట్టుకోవడమే. వాల్వు నుంచి నీళ్లు తిరిగి కారడం మొదలైతే ఆపేయాలి. గూడు, పిన్ను బిగించి, మిగిలిన పావు వంతు జాగాలో 12, 14 పౌండ్లు గాలి కొట్టాలి. గాలి చూసేటప్పుడల్లా వాల్వు పైన ఉండాలి. కింద ఉంటే గేజీలోకి నీళ్లు పోతాయి, అంకె కూడా ఒక పౌండు అటూ ఇటూగా ఎక్కువ చూపిస్తుంది.

"నిండేదాక" ఎందుకు కూడదంటే నీళ్లు అణగవు. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ పావు వంతు గాలే. అది లేకపోతే టైరు లోపలి నైలాన్ పోగులు తెగుతాయి. బయటికి ఏమీ కనబడదు, కొన్నాళ్లకు పక్కగోడ ఉబ్బుతుంది. గాలి జాగా తక్కువ కాబట్టి చిన్న లీకు అయినా ఒత్తిడి తొందరగా పడిపోతుంది. నీళ్లున్న టైరుకు వారం వారం గాలి చూడాలి. రేడియల్ టైర్లు అయితే 40 శాతం దాటొద్దు, దాటితే వాటి పక్కగోడ మెత్తదనమే పోతుంది.

ఏ నీళ్లన్నది కూడా ముఖ్యమే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ రిమ్మును తినేది బోరు నీళ్లలోని ఉప్పు. ట్యూబు బాగున్నన్నాళ్లు రిమ్ముకు తడి తగలదు. వాల్వు దగ్గర సన్నగా కారడం మొదలయ్యాకే వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు పడుతుంది. ట్యూబ్‌లెస్ అయితే మొదటి రోజు నుంచే నీళ్లు ఇనుముకు తగులుతూనే ఉంటాయి. వాన నీళ్లు గానీ, బట్టలో వడగట్టిన కాలువ నీళ్లు గానీ మేలు. కొన్ని మాన్యువళ్లలో కాల్షియం క్లోరైడ్ కలపమని ఉంటుంది. అది నీళ్లు గడ్డకట్టే చలిదేశాల కోసం. బరువు 20, 30 శాతం పెరిగే మాట నిజమే, రిమ్మును అంతకంటే వేగంగా తింటుంది. మహబూబ్‌నగర్‌లో నీళ్లు గడ్డకట్టే చలి లేదు, ఆ పొడి జోలికి పోనక్కర్లేదు.

పంక్చర్ సంగతి పోసేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. సర్కారు తుమ్మ ముండ్లు, కోసిన పత్తి కట్టె మొదళ్లు మన టైర్లకు రోజూ తగిలేవే. నీళ్లున్న టైరు పొలంలో పంక్చరైతే అక్కడ విప్పలేం. రిమ్ము, టైరు, నీళ్లు కలిపి 300 కిలోల దాకా ఉన్న చక్రాన్ని ఇద్దరు మనుషులు పట్టుకోలేరు. అది ఒరిగితే కాలు విరుగుతుంది. ముందు వాల్వును కిందికి తిప్పి నీళ్లు వదలాలి, అడుగున మిగిలేదాన్ని గాలి కొట్టి నెట్టాలి. ట్యూబు ఆరందే ప్యాచ్ అంటదు. పంక్చర్ షాపతను నీళ్ల టైరు అనగానే ముఖం చిట్లించడం, రెట్టింపు అడగడం న్యాయమే.

ఇనుప దిమ్మలు

నా ఓటు దిమ్మలకు. పనికి వేసి, పని కాగానే తీసేయొచ్చు. వెనక రిమ్ము డిస్కుకు బిగించేవి ఒక్కోటి 30 నుంచి 50 కిలోలు, ముందు తగిలించేవి 20 నుంచి 25 కిలోలు. కొనే క్రమం ముఖ్యం. మొదట ముందు దిమ్మలు నాలుగు. వెనకవి జారుడు కొలిచాక, అవసరమైతేనే. వెనక దిమ్మలకు మామూలు మెత్త ఇనుప బోల్టులు పనికిరావు, హై టెన్సిల్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు వాడాలి. మొదటి పది గంటల పని తర్వాత తప్పకుండా మళ్లీ బిగించాలి. నడుమ రంధ్రం సరిగ్గా కూర్చోని నాసిరకం దిమ్మ రోడ్డు మీద వణుకు పుట్టిస్తుంది, ఆ వణుకు బోల్టులను తెంపుతుంది.

కొనే స్తోమత లేకపోతే కాంక్రీటు ఉంది. 20 లీటర్ల పెయింటు డబ్బా నిండా కాంక్రీటు పోస్తే 48 కిలోల దాకా తూగుతుంది. పోసేటప్పుడే నడుమ ఇనుప కొక్కెం పెట్టి, ఛాసిస్ ముందు బ్రాకెట్‌కు బిగించాలి. గ్రిల్లుకు, బానెట్‌కు కట్టకూడదు. రేడియేటర్ ముందు గాలిని ఆపకూడదు, ఎండాకాలంలో ఇంజన్ మరుగుతుంది. ఇసుక సంచులను, వదులు రాళ్లను బరువుగా లెక్కేయొద్దు, మొదటి గుంతలోనే దొర్లి చక్రం కింద పడతాయి.

సాగర్ ఎడమ కాలువ కింద కరిగెట మొదలయ్యే ముందు వెనక దిమ్మలన్నీ తీసేయాలి. నీళ్లుంటే వదిలేయాలి. బురదలో పట్టు ఇచ్చేది కేజ్ వీల్స్ (బురద కోసం బిగించే ఇనుప పట్టీల చక్రాలు), బరువు కాదు. బరువున్న బండి అడుగున ఉన్న గట్టి పొరను చీల్చుకుని దిగుతుంది. ఆ పొర ఒకసారి చెడితే ఆ మడి నీళ్లు నిలపదు, వచ్చే పంటకు బండి మళ్లీ అక్కడే దిగబడుతుంది. బయటి నుంచి బిగించే సగం కేజ్ వీల్‌తో భారం యాక్సిల్‌కు ఇంకా దూరంగా పడుతుంది. టైరులో నీళ్లు కూడా ఉంటే హబ్బు బోల్టులు తెగడానికి అదే కారణం. రోటవేటర్‌తో కరిగెట చేసేవాళ్లు ముందు రెండు దిమ్మలు మాత్రం ఉంచుకోవాలి.

చెల్కలో వేరుశనగ, కంది విత్తేటప్పుడు కూడా తీసేయాలి. మన ఎర్ర చెల్కలు లోతు తక్కువ, అడుగున మొరం. ఎక్కువ బరువుతో తొక్కితే వేరు దిగే ఆ కాస్త లోతులోనే పొర బిగుసుకుంటుంది. పై మట్టి బిగుతు గొర్రుతో పోతుంది, కింది బిగుతు పోదు.

ట్రాలీకి వేరే లెక్క. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత హుక్కు మీద వేస్తుంది. అక్కడ 500 కిలోలు పడితే, హుక్కు యాక్సిల్‌కు 60 సెంటీమీటర్లు వెనకుంటే, ముందు నుంచి 150 కిలోలు పోతాయి. వడ్ల సంచులు ట్రాలీ వెనక భాగంలో మరీ ఎక్కువ వేసినా ప్రమాదమే, హుక్కును పైకి లేపుతుంది. యాక్సిల్‌కు కొంచెం ముందుకు బరువు పడేట్టు సర్దాలి, బండికి ముందు దిమ్మలు ఉంచాలి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ వేయాలి. వేయకపోతే, దిగుడులో ఒక్క చక్రానికే బ్రేకు పడి ట్రాలీ బండిని పక్కకు మడిచేస్తుంది. అప్పుడు టైర్లలో నీళ్లున్నా లేకపోయినా ఒకటే.

పాత ట్రాక్టర్ కొనేవాళ్లకు ఇంకో పని ఉంది. వెనక వాల్వును కిందికి తిప్పించి పిన్ను నొక్కి చూడాలి. నీళ్లు చిమ్మితే ఎంత కాలంగా ఉన్నాయో అడగాలి, వాల్వు రంధ్రం చుట్టూ రిమ్మును స్క్రూడ్రైవర్‌తో గీకాలి. పెళ్లలుగా తుప్పు రాలితే కొత్త రిమ్ముల ధర బేరంలో తగ్గించమనాలి. కేవలం రంగు వేసి ఉంటే ఇంకా గట్టిగా గీకాలి.